తొలి ఆకు మీద నెయ్యి

మా ఇంటి మగవాళ్లు ధనుర్మాసంలో పోతారు. మా మామగారు అట్లాగే పోయారు. ఆయన అన్నగారూ అంతే. వాళ్ల నాయనైతే పొంగలి పంచిన చేతులు కడుక్కుంటూ గుడి వెనక కూలబడ్డారని చెబుతారు. స్వామి పిలుచుకుంటాడని ఊరు అంటుంది. వైకుంఠం వాకిలి తెరిచి ఉండే నెలలో పోవడం ఎంత పుణ్యమో అని, నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆడవాళ్లు చెప్పి చెప్పి నా చెవులు చిల్లులు పడ్డాయి. నేను మాత్రం నెయ్యి అంటాను. ఈ మాట పోయిన ధనుర్మాసంలో నోరు విప్పి ఊరందరితోనూ అన్నాను. అని ఏం సాధించానో చెబుతాను వినండి.

మాది మురుగమల్ల దాటినాక వచ్చే పల్లె. చింతామణి బస్సు మా దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. వెంకటరమణస్వామి గుడి అర్చకత్వం మా ఆయన ఆదిశేషది. ఊళ్లో ఆయన్ని అయ్యోరు అంటారు, నన్ను అయ్యోరమ్మ అంటారు. మా గుడిలో ఒక ఆచారం ఉంది. ధనుర్మాసమంతా తెల్లవారకముందే పొంగలి వండి స్వామికి పెడతారు, రోజుకొక ఇంటివాళ్ల సేవ. నైవేద్యం అయ్యాక అర్చకుడు ముఖమంటపంలో కూర్చుని తొలి ఆకు తినాలి. వండేదీ వడ్డించుకునేదీ అర్చకుడే అయినా, ఆ ఆకు మీద నెయ్యి మాత్రం సేవ చేసిన ఇంటివాళ్లు తమ చేత్తో పోస్తారు. ఆయన ఆకు ఖాళీ చేసి లేస్తేనే వాళ్ల సేవ స్వామికి ముట్టినట్టు. అంతవరకు చంటిపిల్ల ఏడ్చినా ప్రసాదం చేతిలో పెట్టరు. ఎవరి చెయ్యి ఎంత ధారాళమో ఆ ఆకు చూసి ఏడాదంతా చెప్పుకుంటారు.

కార్తీకంలో ఒకరోజు మా ఆయన మడినీళ్ల బిందె మోసుకొస్తూ గుడి మెట్ల మధ్యలో కూర్చుండిపోయారు. బిందె దొర్లి కిందికి పోయింది. ఆయన దాన్ని పట్టుకోను కూడా లేదు. ముఖం చెమటతో తడిసిపోయింది. ఆయన వద్దంటున్నా వినకుండా మరునాడే చిక్కబళ్ళాపురం తీసుకుపోయాను.

డాక్టరమ్మ పేరు ఆశ. చిన్నపిల్లే, కానీ నిదానమైన మనిషి. రక్తం తీయించి, రిపోర్టు చూసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏం తింటారు స్వామీ మీరు?"

"స్వామికి పెట్టింది తింటాను."

"స్వామికేం పెడతారు?"

"అన్నం, పప్పు, నెయ్యి. శనివారం పులిహోర. పండగలకి చక్కెర పొంగలి."

ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. "రక్తంలో కొవ్వు ఉండాల్సిన దానికి దగ్గర దగ్గర రెట్టింపు ఉండాది స్వామీ. మాత్ర రాసిస్తా, దినమూ వేసుకోవాల. మాత్ర ఒకటే చాలదు. నెయ్యి నిలిపేయండి. తెల్లన్నం తగ్గించి తవుడుండే బియ్యం, రాగి, కొర్ర తినండి. కడుపు సరిగా పోతాందా?"

ఆయన తల వంచుకున్నారు. నేనే చెప్పాను. తెల్లవారుజామునే మడి కట్టుకోవాల్సిన మనిషి, కడుపు కదలక దొడ్లో కూర్చుని స్వామిని తలుచుకుంటారనీ, స్వామి అక్కడికి మాత్రం రాడనీ. డాక్టరమ్మ మళ్లీ నవ్వింది.

"తవుడులో పీచు ఉంటాది స్వామీ. ఆ పీచు కడుపుని కదిలిస్తాది, కొవ్వుని కొంచెం పట్టుకోని బయటికి తోస్తాది. కడుపులో మంచి క్రిములు ఉంటాయి. వాటికి అదే తిండి. మీరు ఇన్ని దినాలూ వాటికి ఏమీ పెట్టలేదు."

బస్సు శిడ్లఘట్ట దాటింది. ఆయన స్వామికి ఒక్క పూట నైవేద్యం ఆలస్యమైతే తానూ మంచినీళ్లు ముట్టని మనిషి. కిటికీలోంచి చూస్తూ, "రత్నా, అవన్నీ లోపల పస్తుంటాండాయంటనే" అన్నారు. ఆ మాట ఆయనకి గుచ్చుకుందని నాకప్పుడు తెలిసింది. ఇదే సందని పట్టుకున్నాను.

"అయితే రేపటినుంచి రాగి సంగటి వండుతా."

"రాగులు స్వామికి పెట్టరు. స్వామికి పెట్టనిది నేను తినను."

"ఎందుకు పెట్టరు?"

"మా నాయన పెట్టలేదు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. మా ఇంట్లో డాక్టరు వరమిచ్చినా పూజారి పుచ్చుకోడు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నేను రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వంటింటి గడపలో కూర్చుని ఒక మాట అడిగాను. "చింతామణిలో బియ్యం మర రాకముందు మన గుడి ఉందా లేదా?"

"ఉండింది. ఏమిటికి?"

"అప్పుడు స్వామికి బియ్యం ఎవరు తెల్లగా చేసి పెట్టారు? రోట్లో దంచి, చెరిగి, ఊక పోగొట్టి వండారు. తవుడు దాని ఒంటిని అట్లే అంటుకుని ఉండేది. మీ తాత తాత స్వామికి పెట్టింది దంపుడు బియ్యమే. మర వచ్చినాక మీరు స్వామి తిండి మార్చారు. నేను మళ్లీ పాతదే పెట్టమంటున్నా."

ఆయన లేచి వెళ్లి స్వామి గది తలుపు దగ్గర నిలబడి వచ్చారు. "దంపుడు బియ్యం అయితే సరే" అన్నారు. పెళ్లయినాక ఆయన నా మాట విన్నది మొత్తం లెక్కేస్తే వేళ్లు మిగులుతాయి. ఆ రోజు వేలు ఒకటి తగ్గింది.

మరుసటి బుధవారం వడ్లమూట బస్సులో వేసుకుని చింతామణి పోయాను. మర ఆడించే నందీశ్‌కి చెప్పాను. "ఊక పోతే చాలప్పా. తవుడు బియ్యంలోనే ఉండనీ. ఇంకో మూట మామూలుగా ఆడించి, దాని తవుడు వేరే సంచిలో కట్టివ్వు."

"ఆవుని తెచ్చుకున్నారా అమ్మా?"

"లేదప్పా."

"మరి తవుడు ఎవరికి?"

"దేవుడికి."

వాడు మర ఆపి నా ముఖం చూశాడు. నాకేదో అయిందనుకున్నట్టున్నాడు. సంచి మూతి గట్టిగా కట్టి, తానే బస్సులోకి ఎక్కించిపోయాడు.

దంపుడు బియ్యం వండడం నాకు చేతకాలేదు మొదట. నానబెట్టకుండా ఎసట్లో పోశాను, పలుకుపలుకుగా వచ్చింది. స్వామి ఏమీ అనలేదు. ఆయన అనలేదు కాబట్టి ఈయనా అనలేదు. రాత్రే నానబెట్టాలని, నీళ్లు ఎక్కువ పోయాలని తర్వాత తెలిసింది. తవుడు జల్లించి, దోరగా వేయించి, బెల్లం పొడి కలిపి ఉండలు కట్టాను. అవీ స్వామికి పెట్టాకే తిన్నారు. మొదటి ఉండ కొరికి, "వేరుశెనగ వాసన వస్తాంది" అని ఇంకొకటి అడిగారు. నేను పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

కొన్నాళ్లకి ఒక తెల్లవారుజామున దొడ్లోంచి ఆయన గొంతు వినిపించింది. "రత్నా!" పరుగెత్తాను. పడిపోయారేమో అనుకున్నాను. ఆయన చెంబు పట్టుకుని నిలబడి నవ్వుతున్నారు. "కడుపు కదిలింది" అన్నారు. కొడుకు పరీక్ష పాసైనప్పుడు కూడా నేనంత సంతోషపడలేదు, నిజం చెబుతున్నా. ఆ తర్వాత బిందె ఎత్తుకుని మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కేవారు. మాత్ర తీర్థం పుచ్చుకున్నట్టు అరచేతిలో పోసుకుని మింగేవారు. మళ్లీ రక్తం చూపిస్తే డాక్టరమ్మ తల ఊపింది. "కొంచెం దిగింది. ఇట్లే ఒక సంవత్సరం పోనీండి స్వామీ. తెంపకండి." ఆ నాలుగు మాటలు నేను బస్సులో దారి పొడుగునా నెమరేసుకుంటూ వచ్చాను.

అప్పటికి ధనుర్మాసం గడపలో ఉంది.

తొలి రోజూ ఆఖరి రోజూ సేవ ఆంజనేయప్ప ఇంటిది, ముందునుంచీ అంతే. ఊళ్లో పెద్ద రైతులు. ఆంజనేయప్ప భార్య రామలక్ష్మమ్మ నా మాట తీసేసే మనిషి కాదు. పోయి అడిగాను, ఈసారి పొంగలికి దంపుడు బియ్యం ఇవ్వండి, నెయ్యి పేరుకి చాలు అని. ఎందుకని అడగలేదు ఆమె. "మీరెట్ల చెప్తే అట్లే అయ్యోరమ్మా, మాకేం తెలుసు" అంది. నేను గెలిచాననుకుని ఇంటికొచ్చాను.

తొలి రోజు తెల్లవారుజామున చలి గుచ్చుతోంది. గుడి నిండా జనం. మా ఆయన నైవేద్యం ముగించి, ముఖమంటపంలో ఆకు వేసుకుని, పొంగలి వడ్డించుకుని కూర్చున్నారు. నెయ్యి పోయడానికి ఆంజనేయప్ప తల్లి పుట్టమ్మ వచ్చింది. నడుము వంగిపోయిన ముసలామె, ఆ ఇంట్లో నేతి గిన్నె ఇంకొకరి చేతికి ఇవ్వదు. వంగి, గరిటె ఎత్తి, ఆకు చూసి ఆగిపోయింది.

"ఇదేమి సామీ, ఎర్రగా ఉండాది?"

"దంపుడు బియ్యం అవ్వా. తవుడు తియ్యలేదు."

"తవుడా?" అంది. కోపంగా కాదు. అర్థం కానట్టు అంది. గిన్నె నేల మీద పెట్టి అక్కడే కూర్చుంది.

"తవుడు మేము తిన్నాం సామీ. కరువు సంవత్సరం ఇంట్లో రాగిగింజ లేదు. గొడ్లకి పెట్టుకున్న తవుడు జల్లించి, ఉప్పేసి ఉడకబెట్టి పిల్లోళ్లకి పెట్టినా. అప్పుడు గూడా మా సేవ దినానికి పుట్టింటికి నడిచిపోయి, ఒళ్లో కట్టుకోని తెల్లబియ్యం తెచ్చినా. నా బిడ్డ ఏడ్చినా దాంట్లో పిడికెడు తియ్యలేదు. మేము తినేది సామికి పెట్టలేదు. ఇప్పుడు మా ఇంట్లో కుక్క గూడా తెల్లన్నం తింటాది. సామికి తవుడా?"

రామలక్ష్మమ్మ నా వైపు చూసి తల దించుకుంది. మా ఆయన చెయ్యి ఆకు మీదే ఉంది. మెల్లగా ఆకు మడిచి లేచారు. స్నానం చేసి, మళ్లీ మడి కట్టుకుని, తెల్లబియ్యంతో మళ్లీ పొంగలి వండారు. నైవేద్యం అయ్యేసరికి ఎండ గడపలోకి వచ్చేసింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పుట్టమ్మ నెయ్యి పోసింది. ఆయన ఆకు ఊడ్చి తిన్నారు.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఊరికే అనలేదు. "మీ తాతలు పెట్టింది దంపుడు బియ్యమే అని చెప్పుండొచ్చు కదా! నోరు యాడ పెట్టుకున్నారు?"

"ఆ అవ్వ మాటకి నాకాడ జవాబు లేదు రత్నా."

"నాకాడ ఉండాది. డాక్టరు చెప్పింది."

"అది నా ఒంటికి జవాబు. ఆ అవ్వకి కాదు."

ఆ రోజునుంచి స్వామికి తెల్లన్నమే. స్వామికి తెల్లన్నమైతే ఆయనకీ తెల్లన్నమే. తవుడు సంచి వంటింటి మూల మూతి కట్టినట్టే ఉండిపోయింది. ఉండలు కట్టి పెడితే, "స్వామికి పెట్టలేదు కదా" అనేవారు, చంటిపిల్లకి చెప్పినట్టు. ముసలామె మాట న్యాయమైనదే. అదే నా కడుపు రగిల్చింది. అన్యాయమైతే పోట్లాడేదాన్ని.

అప్పుడే ఊరందరికీ చెప్పెయ్యాలని నిశ్చయించుకున్నాను. ఇల్లిల్లూ తిరిగాను. మా ఆయనకి గుండె బాగాలేదు, ఒంట్లో కొవ్వు పేరుకుపోయింది, ఈ ఇంటి మగవాళ్లంతా ఇట్లాగే పోయారు, దయచేసి తొలి ఆకు మీద నెయ్యి పొయ్యకండి అని చేతులు పట్టుకున్నాను. సిగ్గు విడిచి చెప్పాను. అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. రామలక్ష్మమ్మ గుండె మీద చెయ్యేసుకుని, "ముందే చెప్పకూడదా అయ్యోరమ్మా, అయ్యోరు మాకు దేవుడి మాదిరి కదా" అంది. తేలికైన మనసుతో ఇంటికొచ్చి చాలా రోజులకి కడుపునిండా తిన్నాను.

మరునాడు సేవ లోకేశ్ ఇంటిది. టమోటా పండిస్తాడు, ఊళ్లో కుర్రాళ్లలో కాస్త చదివినవాడు. వీడికైనా అర్థమవుతుందని ధైర్యంగా ఉన్నాను. వాడు మామూలుగా తెచ్చే గిన్నె కాదు, మూత ఉన్న పెద్ద డబ్బా తెచ్చాడు.

"నాటావు నెయ్యి అమ్మా. బాగేపల్లి పక్కన మా అత్తగారి ఊరినుంచి తెప్పించినా. అయ్యోరి గుండె బాగుండాలని ముడుపు కట్టుకున్నాం ఇంట్లో."

"లోకేశ్, నిన్న నేను చెప్పింది ఏమప్పా?"

"విన్నాం కదమ్మా, అందుకే." వాడి కళ్లలో నిజంగా నీళ్లున్నాయి. "సామి ప్రసాదంతో రోగం వస్తాదా? వచ్చిన రోగం పోతాది గానీ."

పోశాడు. పొంగలి మునిగింది. ఆకు అంచులదాకా నెయ్యి వచ్చింది.

ఆ మరునాడు ఇంకో ఇల్లు, ఆ తర్వాత ఇంకోటి. అయ్యోరి గుండెకని అందరూ ముడుపులు కట్టారు. ఒకామె తన బిడ్డ ప్రసవానికని దాచిన నెయ్యి తెచ్చి పోసింది. ఎప్పుడూ గరిటె సగమే ముంచే పిసినారి కూడా రెండు గరిటెలు పోశాడు. నేను చెప్పకపోయుంటే అంత నెయ్యి పడేది కాదు. మొదటికే మోసం వచ్చింది. కోపంతో పోసుంటే గరిటె లాక్కునేదాన్ని. ఏడుస్తూ దండం పెట్టుకుంటూ పోసే చెయ్యిని ఎట్లా పట్టుకునేది?

బాగేపల్లిలో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టుకున్న మా కొడుకు నచికేత్‌కి ఫోన్ చేశాను. "ఒరేయ్, మిగిలిన దినాలు నాయన బదులు నువ్వొచ్చి కూర్చో."

"అంగడి మూసి యాడ రావాలమ్మా? పైగా పొంగలా! నెయ్యి వాసనకే నాకు వాంతి వస్తాదని తెలుసు కదా నీకు. చిన్నప్పుడు నాయన కొట్టినా తినలేదు నేను."

"నాయన ప్రాణంరా."

"నాయన్ని తినొద్దని చెప్పు. ఈ కాలంలో కూడా ఇదేందమ్మా!"

పక్కనుంచి వింటున్న మా ఆయన, "వాణ్ణి ఎందుకు లాగుతావు రత్నా? వాడి వంతు వచ్చినప్పుడు వాడే వస్తాడు" అన్నారు. నేను ఫోన్ పెట్టేశాను. డాక్టరమ్మ దగ్గరికి పోదాం రండి అంటే, నెల ముగిసినాక పోదాం అన్నారు. కడుపు మళ్లీ బిగుసుకుపోయింది. మెట్ల మధ్యలో మళ్లీ కూర్చుంటున్నారు. మాత్ర మాత్రం మరిచిపోలేదు. అంత నేతిలో ఆ చిన్న మాత్ర బూడిదలో పోసిన పన్నీరే.

ముక్కోటి ఏకాదశి నాడు ఉపవాసం, తొలి ఆకు ఉండదు; ఆయన రోజంతా పచ్చి నీళ్లు తాగలేదు. ఉత్తర ద్వారం దగ్గర జనాన్ని పంపుతూ నిలబడే ఉన్నారు. ద్వాదశి తెల్లవారున పొంగలి వండి, నైవేద్యం పెట్టి, తీర్థం పుచ్చుకుని ఆకు ముందు కూర్చున్నారు. సేవ చేసినవాళ్లు నెయ్యి పోశారు. నాలుగు ముద్దలు తిన్నారు. ఐదో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"రత్నా, నెయ్యి కారిపోతాంది" అన్నారు.

కారుతున్నది నెయ్యి కాదు. నోటి ఒక పక్కనుంచి చొంగ. ఆ పక్క పెదవి కిందికి జారింది. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నారు. నేను గడప దాటి మంటపంలోకి పోయి ఆయన తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆకులో పొంగలి సగానికి పైగా మిగిలింది. ఆయన ఆకు మిగల్చడం నేను చూసింది అదే మొదలు. లోకేశ్ కారు తేవడానికి పరుగెత్తాడు. వెనకనుంచి ఎవరో ఆడమనిషి భయంగా అడుగుతోంది, "అయ్యోరు ఆకు ముగించలేదే, మా సేవ సామికి ముట్టినట్టా, కాదా?"

నేను కొంగుతో ఆయన మూతి తుడిచాను.

పెద్ద ఆసుపత్రిలో ప్రాణం నిలిపారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. ఆశ డాక్టరమ్మ కబురు తెలిసి చూడ్డానికి వచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని అడిగాను. "ఈ నెల నెయ్యి తినకుంటే ఇది వచ్చుండేది కాదు కదమ్మా? తవుడు తెంపకుంటే?"

ఆమె అబద్ధం చెప్పలేదు. "ఒక నెల నెయ్యితో వచ్చేది కాదమ్మా ఇది. ముప్పై ఏండ్ల నెయ్యి. తవుడు ముందునుంచి తినుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. కొంచెం బాగుండేదేమో." ఆ 'ఏమో' పట్టుకుని నేను ఇప్పటికీ కూర్చున్నాను.

గొంతు దిగడం కష్టమని, నీళ్లలాంటివి వద్దు, రాగి జావ చిక్కగా కాచి చెంచాతో పెట్టమన్నారు. కాచి తెచ్చాను. ఆయన నోరు తెరవలేదు. పళ్లు బిగించి, ఎడమచేత్తో పైకి చూపిస్తున్నారు. స్వామికి పెట్టావా అని. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. చివరికి నా సెల్‌ఫోన్ తీసి, గుడిలో తీసిన స్వామి ఫోటో తెరిచి, మంచం మీద దిండుకి ఆనించి, గిన్నె దాని ముందు పెట్టాను. ఆయన ఎడమచెయ్యి ఎత్తి నైవేద్యం మంత్రం గొణిగారు. ఒక్క మాటా సరిగా పలకలేదు. తర్వాత నోరు తెరిచారు. మూడు తరాలుగా స్వామికి పెట్టని రాగులు ఆసుపత్రి మంచం మీద పెట్టాం. ముందే పెట్టుంటే ఏం పోయేది స్వామీ అని ఆ ఫోటోనే అడిగాను.

ధనుర్మాసం ఇంకా మిగిలే ఉంది. గుడిలో పొంగలి ఆగకూడదని ఊరివాళ్లు నచికేత్ దగ్గరికి పోయారు. వాడు అంగడికి తాళం వేసి బైకు మీద వచ్చాడు. ఉపనయనం నాడు నేర్చుకున్న మంత్రాలు, నాయన పక్కన నిలబడి విన్నవి, కొన్ని ఫోన్‌లో చూసుకున్నవి, అన్నీ కలిపి నెట్టుకొస్తున్నాడని రామలక్ష్మమ్మ చెప్పింది. "తొలి ఆకు?" అని అడిగాను. "వట్టి రెండు మెతుకులు నోట్లో వేసుకోని లేస్తాండాడమ్మా. కొత్తగదా, ఎవరూ ఏమీ అనడం లేదు" అంది. ఆ రెండు మెతుకుల మాట విని నా ప్రాణం కొంచెం కుదుటపడింది.

నెల ఆఖరి రోజుకి ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాం. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి, తెల్లవారకముందే గుడికి పోయి స్తంభం పక్కన నిలబడ్డాను. ఆ రోజు సేవ ఆంజనేయప్ప ఇంటిది. నచికేత్ వాళ్ల నాయన పంచె కట్టుకున్నాడు. నుదుట తిరుమణి నామం కొంచెం వంకర పోయింది. ఆకు ముందు కూర్చుంటే వెనకనుంచి వాడి భుజాలు, వాడి మెడ అచ్చం ఆయనవే. పుట్టమ్మ గిన్నె పట్టుకుని మెల్లగా వంగింది.

"వద్దవ్వా!" అన్నాను.

అందరూ తిరిగి చూశారు. నేను చేతులు జోడించాను. "ఒక్కగానొక్క బిడ్డ, అవ్వా. వాడికి వద్దు."

ముసలామె నా వైపు చూసింది. ఆ ముడతల్లోంచి కన్నీళ్లు జారాయి. "నీ కడుపుమంట నాకు తెలుసమ్మా. నాయన మంచాన పడిన బిడ్డ. వాడి కష్టం సామి తీసెయ్యాల. దానికే ఈ దినం ఇంగో గరిటె పోస్తాండా." పోసింది. మళ్లీ ముంచి పోసింది. "తినప్పా," అంది, "నీకు నూరేండ్లు."

వాడు నన్ను చూశాడు. పుట్టమ్మను చూశాడు. ముసలామె గిన్నె పట్టుకుని వంగే ఉంది. వాడు వాంతి చేసుకుంటాడనే నేను అనుకున్నాను, చేసుకోవాలనే మొక్కుకున్నాను. వాడు చెయ్యి పెట్టి కలిపాడు. ఒక ముద్ద తిన్నాడు. ఆగి, ఇంకొకటి తిన్నాడు. ఆకు ఊడ్చి, చివరి నెయ్యి వేలితో తీసుకుని లేచాడు. ఎవరో గంట కొట్టారు. పిల్లలు ప్రసాదానికి ఎగబడ్డారు.

గుడి వెనక వాడు చెయ్యి కడుక్కుంటుంటే చెంబుతో నీళ్లు పోశాను.

"వాంతి రాలేదా నాయనా?"

"లేదమ్మా." వాడు ఆశ్చర్యపడుతున్నట్టు నవ్వాడు, వాళ్ల నాయన నవ్వినట్టే. "బాగుండాది. నేనే ఇన్ని దినాలూ ఊరికే వద్దంటా ఉంటిని."